మీసం కోసం సమ్మె చేసినవాళ్ళు వడ్డించే భోజనం

పారిస్ చూసొచ్చిన మనవాళ్ళ దగ్గర రెండు ఫిర్యాదులు తప్పకుండా ఉంటాయి. ఒకటి, మోనాలిసా బొమ్మ మరీ చిన్నగా ఉందని. రెండోది, హోటళ్ళలో వెయిటర్లకి ఒళ్ళంతా పొగరని. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదాని మీద మాత్రం ఎన్నాళ్ళగానో ఇంట్లోవాళ్ళతో, ఆఫీసులో మనవాళ్ళతో, వాట్సాప్ గ్రూపుల్లో వాదిస్తూనే ఉన్నాను. ఆ పొగరు అంటున్నదేదో, పాత బిస్ట్రోల్లో, అంటే అక్కడి చిన్న చిన్న భోజన హోటళ్ళలో, నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి అదే. తిండి కన్నా కూడా అని చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది గానీ, చాలాసార్లు అది కూడా నిజమే.

ఇది అర్థం కావాలంటే 1907కి వెళ్ళాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో పారిస్ వెయిటర్లు సమ్మెకి దిగారు. వాళ్ళ డిమాండ్లలో వారానికో రోజు సెలవుంది. వారపు సెలవు మీద అంతకు ముందు ఏడాదే చట్టం వచ్చింది గానీ కేఫుల దాకా సరిగ్గా చేరలేదు. పెద్ద కేఫుల్లో చాలామందికి జీతమనేదే లేదు, టిప్పులతోనే బతకాలి. పైపెచ్చు పగిలిన గ్లాసులకీ వాటికీ వీటికీ అని యజమానికి ఎదురు డబ్బు కట్టాలి. అది ఆపాలన్నది ఇంకో డిమాండు. వీటన్నిటి పక్కనే, పత్రికలవాళ్ళకి పండగలాంటి మరో డిమాండు: మీసం పెంచుకునే హక్కు. ఆ రోజుల్లో సైనికుడికి మీసం ఉండాలి, మర్యాదస్తుడికి మీసం ఉండాలి. ఇళ్ళల్లో పనిచేసే నౌకర్లూ, కేఫుల్లో వడ్డించేవాళ్ళూ మాత్రం మూతి నున్నగా గీసుకోవాలి. వడ్డించేవాడెవడో, తినేవాడెవడో మొహం చూడగానే తెలిసిపోవాలన్నమాట. మీసమంటే ఏంటో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాలా! ఆ సమ్మెతో చాలాచోట్ల యజమానులు దిగొచ్చి, మీసాలకి ఒప్పుకున్నారు.

ఈ కథ తెలిశాక పారిస్ వెయిటర్ నాకు వేరేగా కనిపించడం మొదలైంది. అతను నౌకరు కాదు, పని తెలిసినవాడు. ఆ తేడాని డబ్బు లెక్కలో కూడా చూడొచ్చు. ఫ్రాన్స్‌లో 1987 నుంచి మెనూలో రాసిన ధరలోనే సర్వీసు కలిసుండాలి. బల్ల మీద నాలుగు నాణేలు పెట్టి వెళ్తే సంతోషం, పెట్టకపోతే ఎవరూ వెనకాల పరిగెత్తుకు రారు. అదే అమెరికాలో, టిప్పులు వచ్చే ఉద్యోగికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తాయి, అది వేరే సంగతి. మిగిలింది చాలావరకు కస్టమర్ దయ. అందుకే డల్లాస్‌లో ప్రతి ఐదు నిమిషాలకీ ఒకరొచ్చి "అంతా బావుందా?" అని నవ్వుతూ అడుగుతారు. ఆ నవ్వు ఆ అమ్మాయి ఇంటద్దె. పారిస్‌లో అద్దె జీతంలోంచి వెళ్తుంది కాబట్టి, నవ్వు రావాలనిపిస్తేనే వస్తుంది. వచ్చినప్పుడు అది నిజం నవ్వు.

మా బాబాయీ పిన్నీ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు వాళ్ళని షార్తియే అనే పాత భోజన హోటల్‌కి తీసుకెళ్ళాను. తొమ్మిదో వార్డులో, ఫోబూర్ మోమార్త్ర్ వీధిలో, ఒక ఇరుకు దారిలోంచి లోపలికి వెళ్తే ఉంటుంది. 1896లో షార్తియే అన్నదమ్ములు పెట్టింది. లోపల ఎత్తైన గాజు కప్పు, గోడలకి పెద్ద పెద్ద అద్దాలు, తల పైన కోట్లూ టోపీలూ పెట్టుకోడానికి ఇత్తడి అరలు. చెక్క గూళ్ళకి నంబర్లేసిన చిన్న చిన్న సొరుగులు కూడా కనిపిస్తాయి. రోజూ వచ్చే ఖాతాదార్లు తమ గుడ్డ నేప్‌కిన్‌ని మడిచి అందులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళట. ఓ గోడ మీదున్న పెద్ద బొమ్మని 1929లో ఒక చిత్రకారుడు తిన్న బాకీ కింద వేసిచ్చాడని చెప్తారు. 1989లో ఆ హాలుని ప్రభుత్వం చారిత్రక కట్టడంగా నమోదు చేసింది. అయినా ఇక్కడ మ్యూజియం మర్యాదలేం ఉండవు. మూడొందల మందికి పైగా ఒకేసారి కూర్చుని తింటుంటే ప్లేట్ల చప్పుడు, ఫోర్కుల చప్పుడు, పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు.

తిండి పండితులు ఇక్కడ నన్ను పట్టుకుంటారని తెలుసు. షార్తియే బిస్ట్రో కాదు, బుయోన్ అంటారు. నిజమే. 1850లలో దువాల్ అనే మాంసం వ్యాపారి పారిస్ పెద్ద బజారు దగ్గర మొదలుపెట్టిన పద్ధతి ఇది. మంచి ముక్కలు డబ్బున్నవాళ్ళు కొనుక్కుపోతారు, మిగిలిన గట్టి ముక్కలేం చెయ్యాలి? గంటల తరబడి ఉడకబెట్టి, ఆ రసంతో సహా కూలీలకి చవగ్గా వేడివేడిగా పెట్టాడు. బుయోన్ అంటే ఆ మాంసం చారే. తర్వాత ఊరంతా అవే వెలిశాయి, మళ్ళీ దాదాపు అన్నీ పోయాయి. చిన్న బిస్ట్రోలది ఇంకో దారి. చాలావాటికి మూలం ఓవెర్న్, అవేరోన్ కొండల నుంచి వలసొచ్చి ఒకే కొట్లో బొగ్గులూ వైనూ అమ్మినవాళ్ళు. బొగ్గు మూటలు ఒక పక్క, గ్లాసులు ఇంకో పక్క, వెనకాల పొయ్యి మీద కొట్టాయన భార్య వండే ఒక్క కూర. రెంటికీ పుట్టుక వేరైనా పద్ధతి ఒక్కటే: ఉన్నది నాలుగు వంటలు, అందరికీ అవే, ధర ముందే రాసుంటుంది. నా వాదనకి అది చాలు.

బుకింగ్ లేదు, లైన్లో నిలబడాలి. లోపలికి వెళ్ళాక నలుగురి బల్ల దగ్గర నాలుగో కుర్చీలో అప్పటికే ఒక పెద్దాయన కూర్చుని పేపర్ చదువుతూ సాసేజ్ తింటున్నాడు. మెస్సులో కుర్రాళ్ళు ఎదురెదురుగా సర్దుకున్నట్టు మేం ముగ్గురం సర్దుకున్నాం. బాబాయి ఇబ్బందిగా కదిలారు. "ఏమ్మా, వేరే బల్ల లేదా?" అంటే లేదన్నాను. పెద్దాయన పేపర్ దించి, "బోనపెతీ" (హాయిగా తినండి) అని మళ్ళీ పేపర్ ఎత్తాడు.

వెయిటర్ వచ్చాడు. తెల్లచొక్కా, దాని మీద బోలెడు జేబులున్న నల్లటి వెయిస్ట్‌కోటు, నడుం నుంచి కాళ్ళ దాకా తెల్ల ఏప్రన్. వయసు యాభై దాటుంటుంది. చేతిలో ప్యాడ్ లేదు, ట్యాబ్ లేదు. బల్ల మీద పరిచిన కాగితం మీదే బాల్‌పెన్నుతో ఆర్డర్ రాసుకుంటాడు. ఇక్కడొక మాట. అతను రాగానే నేను ముందు బోంజూర్ చెప్పాను, తర్వాతే ఏం కావాలో చెప్పాను. మనవాళ్ళ ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయని నా అనుమానం. పలకరించకుండా నేరుగా "వాటర్ ప్లీజ్" అంటే ఫ్రెంచివాళ్ళకి అది మొహం మీద తలుపేసినట్టే. చిటికెలు వేసి పిలవడం, "ష్‌ష్" అనడం గురించి చెప్పక్కర్లేదు. మన దగ్గర అరవై ఏళ్ళ సర్వర్ని కూడా పాతికేళ్ళ కుర్రాడు "ఏయ్ బాబూ" అని పిలుస్తాడు, ఎవరికీ ఏమీ అనిపించదు. పారిస్‌లో అతనికి ఏదో అనిపిస్తుంది, అది మొహంలో కనిపిస్తుంది. దానికి మనం పెట్టిన పేరు పొగరు.

ముందుగా గుడ్డు మయొనేజ్ చెప్పాను. షార్తియేలో రెండు మూడు యూరోలకి దొరికే వంటకం. చూడ్డానికి ఏముంది, ఉడకబెట్టి సగానికి కోసిన గుడ్డు మీద లేత పసుపు రంగు సాస్. కానీ దానికీ ఒక లెక్కుంది. పచ్చసొన పొడిపొడిగా అవకూడదు, చుట్టూ ఆకుపచ్చ గీత అసలు రాకూడదు. సాస్‌లో ఆవపిండి ఘాటు తెలియాలి, అది గుడ్డుని పట్టుకుని ఉండాలి తప్ప ప్లేట్లోకి జారిపోకూడదు. ఈ వంటకం బిస్ట్రోల్లోంచి మాయమైపోతోందని 1990లలో క్లోద్ లెబే అనే ఆహార విమర్శకుడు దాని పరిరక్షణకి ఒక సంఘమే పెట్టాడు. ఇప్పుడు దానికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు కూడా జరుగుతున్నాయి. నవ్వొస్తుంది గానీ, నాకు ఆ సంఘం మీద గౌరవం. ఖరీదైన వంటల్ని కాపాడ్డానికి డబ్బున్నవాళ్ళెప్పుడూ ఉంటారు.

బాబాయి బీఫ్ తినరు కాబట్టి బాతు కాలు చెప్పాం. బాతుని దాని కొవ్వులోనే సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గించి, తినేముందు తోలు కరకరలాడేలా కాలుస్తారు. ఫోర్కు తగలగానే మాంసం ఎముక నుంచి విడిపోయింది. కింద బంగాళాదుంపలు అదే కొవ్వులో వేగి ఉన్నాయి. బాబాయి మొదటి ముద్ద తిని ఏమీ అనలేదు, రెండో ముద్దకి చొక్కా చేతులు మడిచారు.

పిన్ని సంగతే కష్టమైంది. ఆ రోజు శనివారం, ఆవిడ నీచు ముట్టదు, గుడ్డు కూడా. ఉల్లిపాయ సూప్ అన్నాను గానీ అందులో మామూలుగా పోసేది బీఫ్ రసం. పప్పు సలాడ్ అనుకుంటే అందులో పంది మాంసం ముక్కలుంటాయి. సెలరీ దుంప తురుములో మయొనేజ్, అంటే మళ్ళీ గుడ్డు. చివరికి మిగిలింది లీక్స్ వినేగ్రెత్. అంటే లావాటి ఉల్లికాడల్ని మెత్తగా ఉడకబెట్టి, చల్లార్చి, వెనిగర్, ఆవాలు కలిపిన సాస్ పోసిస్తారు. "ఇంత పేరున్న ఊళ్ళో నాకు దొరికింది ఉడకేసిన ఉల్లికాడలా!" అంది. ఇంకేదైనా చేసిస్తారా అని అడిగాను. వెయిటర్ తల అడ్డంగా ఊపి, లీక్స్ బావుంటాయి అన్నాడు. క్షమించండి అనలేదు, వంటవాణ్ణి కనుక్కుంటాననీ అనలేదు.

శాకాహారుల విషయంలో పాత బిస్ట్రోలని నేను సమర్థించను. కూరగాయని మాంసం పక్కన అలంకారంగా చూసే వంటింటి అలవాటు అది, దాన్ని సంప్రదాయమనీ వారసత్వమనీ పొగడక్కర్లేదు. కానీ ఆ "లేదు" అనే మాట మాత్రం వేరే. రోజుకి వెయ్యి మందికి పైగా తినిపోయే చోట, ప్రతి బల్లకీ ఓ మార్పు చెయ్యడం మొదలెడితే బాతు కాలు ఆ ధరకి రాదు. వంటలు తక్కువ, బల్లలు త్వరగా ఖాళీ అవుతాయి, నీకోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యరు. అందువల్లే పక్కన పేపర్ చదివే పెద్దాయనకీ, వెనక బల్లలో సూటూ బూటూ వేసుకున్నవాళ్ళకీ మాకూ ఒకే ప్లేటు వచ్చింది. కస్టమర్ దేవుడనే చోట, దేవుళ్ళలో కూడా ఎక్కువ డబ్బులిచ్చే దేవుడికే పెద్ద హారతి. మనమందరం ఎప్పుడో ఒకప్పుడు చిన్న హారతి దొరికిన దేవుళ్ళమే కదా. (పిన్ని తర్వాత చెస్ట్‌నట్ గుజ్జు మీద గిలకొట్టిన క్రీమ్ వేసిచ్చిన గిన్నె ఒక్కతే ఖాళీ చేసి, ఉల్లికాడల్ని క్షమించింది.)

బిల్లు అడిగితే వెయిటర్ బల్ల మీది కాగితం మీదే వరసగా అంకెలు వేసి కూడడం మొదలుపెట్టాడు. బాబాయి నలభై ఏళ్ళు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఎదుటివైపు నుంచి, తలకిందులుగా, ఆ అంకెల్ని పట్టి పట్టి చూస్తున్నారు. "ఏమ్మా, బాతు కాలు 77 యూరోలేంటి?" అని తెలుగులో గాభరా పడ్డారు. ఫ్రెంచివాళ్ళు చేత్తో ఒకటి రాస్తే ముందు పొడుగ్గా ఓ గీత పైకి లాగి దించుతారు, మనకది అచ్చం ఏడులా కనిపిస్తుంది. వాళ్ళ ఏడుకి మధ్యలో అడ్డగీత ఉంటుంది. అది 11. వెయిటర్‌కి భాష రాకపోయినా విషయం తెలిసిపోయింది. పెన్ను తిప్పి బాబాయికి అందించాడు. బాబాయి ఒక్క క్షణం తటపటాయించి, పెన్ను తీసుకుని, పక్కన మన పద్ధతిలో అంకెలు వేసి కూడారు. మొత్తం సరిపోయింది. వెయిటర్ ఆ కూడిక కింద రెండు గీతలు గీసి, అప్పుడు నవ్వాడు. సాయంత్రమంతా అదొక్కటే నవ్వు.

ఇంత వెనకేసుకొస్తున్నాను కదా అని, పారిస్‌లో మర్యాద లేనివాళ్ళే లేరని నేననడం లేదు. టూరిస్టులు తిరిగే చోట, పేరెందుకు గానీ, మామూలు నీళ్ళడిగితే సీసా నీళ్ళు తెచ్చి బిల్లులో వేసిన చోటుంది. కొళాయి నీళ్ళు కూజాలో ఉచితంగా ఇవ్వాలని ఫ్రాన్స్‌లో చట్టమే ఉంది. "ఉన్ కరాఫ్ దో" అనే మూడు ముక్కలు నేర్చుకుని వెళ్ళండి, డబ్బులు మిగుల్తాయి. ఒంటి రంగు చూసి బాత్రూం పక్క బల్ల చూపించే చోట్లు కూడా ఉన్నాయి. దాన్ని వృత్తి గౌరవమని ఎవరైనా అంటే నేనే గొడవకి దిగుతాను. రెంటినీ విడదీసి చూడడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, పక్క బల్ల వైపు చూడ్డం. పక్కనున్న తెల్లవాళ్ళతో కూడా అదే ముక్తసరి, అదే తొందర ఉంటే, అది అతని పద్ధతి. వాళ్ళతో కబుర్లూ మనతో మూతి విరుపులూ అయితే లేచి వచ్చెయ్యడమే.

నా వాదనలో ఇంతకన్నా పెద్ద చిల్లు ఇంకొకటుంది. ఈ మీసాల గౌరవం హాలు వరకే. స్వింగ్ డోర్ అవతల, సింకుల దగ్గర ఎవరున్నారో చూస్తే తెలుస్తుంది. పారిస్ వంటిళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు, చాలాచోట్ల వండేవాళ్ళు కూడా శ్రీలంక తమిళులు, బంగ్లాదేశీలు, మాలీ నుంచి వచ్చినవాళ్ళు. లా షపెల్ ప్రాంతంలో మన కూరగాయల కోసం వెళ్ళినప్పుడు మాటల్లో పడితే, ఇలాంటి ఉద్యోగం చేసిన మనిషి ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అచ్చమైన ఫ్రెంచి బాతు కాలుని సరిగ్గా మగ్గబెట్టే చెయ్యి జాఫ్నాదో సిల్హెట్‌దో కావడంలో నాకు ఏ వింతా లేదు, సంతోషమే. అభ్యంతరమల్లా, ఆ చేతికి చాలాసార్లు కాగితాలు, అంటే దేశంలో ఉండే అనుమతి, ఉండవు. 2008 ఏప్రిల్‌లో, మళ్ళీ 2009 అక్టోబర్‌లో, సీజీటీ యూనియన్ అండతో కాగితాలు లేని కార్మికులు సమ్మె చేశారు. రెస్టారెంట్లవాళ్ళు, భవన నిర్మాణంలో చేసేవాళ్ళు, క్లీనింగ్‌వాళ్ళు కలిపి వేలమంది. జీతంలోంచి పన్నులూ పింఛన్ వాటాలూ కడుతున్నాం, మాకు ఉండే హక్కెందుకు లేదని అడిగారు. కొంతమందికి కాగితాలొచ్చాయి, చాలామంది ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. 1907 సమ్మెని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు, మీసాల కథ కాబట్టి. 2008 సమ్మె గురించి బిస్ట్రో ప్రేమికులెవరూ మాట్లాడరు. నా దృష్టిలో రెండూ ఒకే సమ్మె, రెండోది ఇంకా ముగియలేదంతే.

2024లో ఫ్రాన్స్ తన బిస్ట్రోల, కేఫుల సంస్కృతిని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చుకుంది. యునెస్కో గుర్తింపు కూడా కావాలన్నది వాళ్ళ ఆశ. అదే ఏడాది మార్చిలో, పదమూడేళ్ళుగా ఆగిపోయిన వెయిటర్ల పందెం మళ్ళీ జరిగింది. నగరసభ భవనం ముందు నుంచి రెండు కిలోమీటర్లు, చేతిలో ట్రే, ట్రే మీద కాఫీ, క్రోసాన్, గ్లాసు నీళ్ళు. పరిగెత్తకూడదు, నడవాలి, నీళ్ళు ఒలకకూడదు. రెండొందల మంది దాకా ఏప్రన్లు కట్టుకుని నడుస్తుంటే ఊరు ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. వడ్డించే పనికి అంత చప్పట్లు కొట్టే ఊరు నాకు ఇంకొకటి తెలీదు. ఇందులో కొంత టూరిజం హంగామా ఉందనుకోండి, ఒలింపిక్స్ ముందు కదా.

కానీ వారసత్వ జాబితా కన్నా నన్ను భయపెడుతున్నది చిన్న కార్డు మిషన్. 2022 నుంచి ఫ్రాన్స్‌లో, ఒక స్థాయి లోపు జీతాలున్న ఉద్యోగులకి వచ్చే టిప్పుల మీద పన్ను తీసేశారు, కార్డుతో ఇచ్చినవాటి మీద కూడా. ఉద్దేశం మంచిదే, కోవిడ్ తర్వాత మనుషులు దొరక్క హోటళ్ళు అల్లాడుతున్న రోజులు. దాంతో పాటే, పారిస్‌లో అక్కడక్కడా బిల్లు కట్టేటప్పుడు మిషన్ మీద 5 శాతం, 10 శాతం, 15 శాతం అని గడులు కనిపించడం మొదలైంది. మిషన్ మన చేతికిచ్చి వెయిటర్ పక్కకి చూస్తూ నిలబడతాడు. అతనికీ అది ఇబ్బందిగానే ఉంటుంది. సర్వీసు ధరలోనే ఉందని చట్టం చెప్తుంటే, లేదన్నట్టు తెర అడుగుతోంది. ఇది అలవాటైపోతే యజమాని జీతం పెంచడం మానేసి తెర వైపు చూపిస్తాడు. ఆ తర్వాత నవ్వులు మొదలవుతాయి, డల్లాస్ నవ్వులు.

అందుకని నేను ఆ తెర మీద సున్నా నొక్కుతాను. వడ్డన బావుంటే రెండో మూడో యూరోల నాణేలు బల్ల మీద పెడతాను, పాత పద్ధతిలో. బాబాయికి ఇది ఏమాత్రం నచ్చలేదు. షార్తియే నుంచి మెట్రో దాకా నడుస్తూ, "అంత పెద్దాయన చేత ప్లేట్లు మోయించుకుని రెండు యూరోలా పెట్టేది? ఇరవై పెట్టాల్సింది" అని కోప్పడ్డారు. జీతం వస్తుంది బాబాయ్ అంటే, "జీతం నాకూ వచ్చేదమ్మా, అయినా దసరాకి మా మేనేజరు స్వీట్ బాక్స్ ఇచ్చేవాడు" అన్నారు. మేనేజర్ ఇవ్వడం వేరు, కస్టమర్ ఇవ్వడం వేరు అన్నాను. పిన్ని మధ్యలో కల్పించుకుని, ఇద్దరూ నోరు మూసుకుంటే తనకి ఆకలేస్తోందని, ఉల్లికాడలు ఎప్పుడో అరిగిపోయాయని చెప్పింది. లా షపెల్లో దిగి దోసెలు తిన్నాం. అక్కడ కూడా బాబాయి ఇరవై పెట్టబోతే, కౌంటర్లో తమిళాయన చిల్లర లెక్కపెట్టి మొత్తం తిరిగిచ్చేశాడు.